రాజ్యం టీచరు ముసలి క్లాసు

ఆ ఏడు మా ఊరి చెరుకు ఎంత తియ్యగా పండిందంటే చేలో చీమలకి షుగరు వచ్చింది. నమ్మకపోతే మానెయ్యండి. కాళ్ళు పీకుతున్నాయని అవి గట్టు మీద చతికిలబడి ఆయాసపడటం నేను నా కళ్ళతో చూశాను. నా పెనంలో పాకం ఉడుకుతుంటే ఆ వాసనకి చోడవరం బస్టాండులో డ్రైవర్లు రూటు మర్చిపోయి బస్సు మా ఊరికి తోలుకొచ్చేసేవారు. టిక్కెట్టు కొన్నవాళ్ళు కూడా ఏమీ అనేవారు కాదు. దిగి, తలా దోసెడు పాకం తాగి, ఎక్కి పోయేవారు.

నా పేరు పరదేశి. చోడవరం నుంచి వడ్డాది వెళ్ళే దారిలో మా ఊరు. మా చెరుకు సగం గోవాడ ఫ్యాక్టరీకి పోతుంది, మిగతాది నా గానుగకి వస్తుంది. చలి మొదలైన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా నా పొయ్యి ఆరదు, నా నోరూ ఆరదు. పొయ్యి దగ్గర వెచ్చగా ఉంటుంది కాబట్టి ఊళ్ళో పనున్నవాడూ లేనివాడూ అక్కడే చేరతారు. చేరినవాళ్ళకి కబురు కావాలి. కబురు దొరకని రోజున నేనే ఒకటి వండి పెడతాను. బెల్లం వండేవాడికి కబురు వండటం ఏమంత కష్టం?

ఆ సీజన్లోనే పంచాయితీ ఎన్నికలు వచ్చాయి. ఆ సీజన్లోనే నేను వండిన కబురొకటి చెయ్యి దాటిపోయి, ముందు నా ఇంటిని, తర్వాత ఊరిని తలకిందులు చేసింది.

దానికి ముందు రాజ్యం టీచరు సంగతి చెప్పాలి. మిగతా వాళ్ళ గురించి నేను కాస్త పెంచి చెబుతాను. ఆవిడ గురించి మాత్రం తగ్గించి చెప్పాలి, లేకపోతే ఎవరూ నమ్మరు.

మా ఊళ్ళో పదో తరగతి పాసైన మొదటి ఆడపిల్ల ఆవిడ. సైకిలెక్కిన మొదటి ఆడపిల్ల కూడా ఆవిడే. రోజూ చోడవరం హైస్కూలుకి తొక్కుకుంటూ పోతుంటే గట్ల మీద మగవాళ్ళు ఈలలు వేసేవారట. టీచరు ట్రైనింగయి, ఉద్యోగం తెచ్చుకుని, తిరిగి మా ఊరికే వచ్చి, ఆ ఈలలు వేసినవాళ్ళ పిల్లల్నే చెవి పట్టుకుని బడికి లాక్కుపోయింది. బడంటే అప్పటికి బిల్డింగు లేదు. చెరుకు సీజన్లో పిల్లలందరూ గానుగ దగ్గరే ఉంటారు కదా, ఆవిడ బోర్డు తెచ్చి గానుగ పాకకే వేలాడదీసింది. తర్వాత ఆడవాళ్ళందరి చేతా ఇటుకలు మోయించి, ఊరి మధ్యలో రెండు గదుల బడి కట్టించింది.

ఊళ్ళో సారా కొట్టు ఎలా మూతపడిందో తెలుసా? ధర్నాల్లేవు, పోలీసుల్లేవు. ఆవిడ పిల్లల్ని తీసుకెళ్ళి కొట్టు ముందు కూచోబెట్టి ఎక్కాలు చెప్పించింది. రోజూ సాయంత్రం అదే పని. గొంతులు చించుకుని పిల్లలు పదమూడో ఎక్కం అరుస్తుంటే తాగేవాడికి గొంతు దిగుతుందా? పైగా లోపలికి వెళ్ళబోయేవాణ్ణి ఆపి, "నువ్వు చెప్పరా, పదమూడేళ్ళు ఎంత?" అనేది. మొగాళ్ళు ఆ వీధి మానేశారు. కొట్టువాడు సీసాలు సర్దుకుని కె.కోటపాడు వైపు పోయాడు.

మంగాయమ్మ కూతురు రేవతికి తొమ్మిదో తరగతిలో పెళ్ళి పెట్టినప్పుడు ఆవిడ హాజరు పుస్తకం పట్టుకుని నేరుగా పందిట్లోకి వెళ్ళి "రేవతీ!" అని పిలిచింది. పీటల మీదున్న పిల్ల అలవాటుకొద్దీ "ప్రెజెంట్ టీచర్" అనేసింది. పెళ్ళికొడుకు వాళ్ళు బిత్తరపోయారు. గొడవలో గొడవ, ముహూర్తం దాటిపోయింది. రేవతి ఇప్పుడు అనకాపల్లిలో నర్సు. కానీ మంగాయమ్మ మాత్రం ఆ రోజు నుంచి టీచరుతో మాట్లాడలేదు. ఎదురైతే పక్క వీధిలోకి తిరిగిపోయేది.

ఇలా ఊరంతటినీ బళ్ళో కూచోబెట్టిన మనిషి చేతికి దొరకనివాణ్ణి నేనొక్కణ్ణే. ఆవిడ మా వీధి మొదట్లో కనిపించగానే నేను చెరుకు బండెక్కి గోవాడ వెళ్ళిపోయేవాణ్ణి. ఆ రోజుల్లో నన్ను చూసి ఫ్యాక్టరీ వాళ్ళు నేను అక్కడ ఉద్యోగినేమో అనుకున్నారు.

ఆవిడ రిటైరై చాలా కాలమైంది. అయినా బడి పక్కనే ఇల్లు, రోజూ వరండా ఊడ్చేది. పోయిన వేసవిలో మిగిలిన కొద్దిమంది పిల్లల్నీ పక్కూరి పెద్ద బడిలో కలిపేశారు. బడికి తాళం పడింది. ఆ ఖాళీ గదుల మీద బంగార్రాజు కన్ను పడింది. బంగార్రాజు అంటే మంగాయమ్మ కొడుకు, ఎరువుల కొట్టు ఉంది, ఈసారి ప్రెసిడెంటుగా నిలబడ్డాడు. "నేను గెలిస్తే బడిని ఎరువుల గోడౌను చేస్తాను, యూరియా కోసం మీరెవరూ చోడవరం వెళ్ళక్కర్లేదు," అని మాటిచ్చాడు. మాట మంచిదే. జనానికి నచ్చింది.

ఒక సాయంత్రం రాజ్యం టీచరు నా పొయ్యి దగ్గరికి వచ్చింది. పొయ్యి చుట్టూ ఊరు సగం ఉంది.

"ఏరా, ఇంతమంది ఉన్నారు. రేపు గెలిచినోడు బళ్ళో బస్తాలు పడీస్తాడు. ఒక్కరైనా వద్దనరా?" అంది.

"బళ్ళో పిల్లలే నేరు గదా టీచరమ్మా," అన్నాడు మేకలు కాసే తాత. "ఖాళీగా ఉన్నదాన్ల బల్లలుంటే ఏటి, బస్తాలుంటే ఏటి?"

"ఖాళీగా ఉంది కాబట్టే ఇచ్చీగలరు. పంచాయితీ ఆఫీసులో అడిగొచ్చేను. నలుగురు కూచుని ఏదో ఒకటి నేర్చుకుంటంటే దాన్ని ఎవడూ ముట్టుకోలేడు. మీలో ఎవరైనా రండి. కుట్టు నేర్చుకోండి, పేపరు చదవండి, పాటలు పాడుకోండి. మనుషులు ఉండాలి, అంతే."

అందరూ పెనంలోకి చూశారు. పాకాన్ని అంత శ్రద్ధగా మా ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. నేను కూడా తెడ్డు పట్టుకుని తెగ కలిపాను. ఆవిడ "సరే," అని వెళ్ళిపోయింది. సారా కొట్టుని ఎక్కాలతో తరిమిన మనిషి, ఆ రోజు చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని నెమ్మదిగా నడిచింది.

మర్నాడు నేను ఇంజనుకి డీజిలు కోసం చోడవరం వెళ్ళొచ్చాను. పొయ్యి రాజేస్తుంటే మంగాయమ్మ వచ్చి పీట లాక్కుని కూచుంది. నోట్లో నములుతున్న ఆకొక్క, చేతిలో చెంబు.

"ఏటి పరదేసీ, టౌనెల్లొచ్చేవంట. ఏటి కబుర్లు?"

కబుర్లేమీ లేవు. డీజిలు కొట్టించుకున్నాను, వచ్చాను. కానీ ముసలావిడ అంత ఆశగా అడుగుతుంటే ఉత్త చేతుల్తో ఎలా పంపను?

"ఈపాలి ఏలిముద్రలు సెల్లవంట అత్తా," అన్నాను.

"దేనికి సెల్లవు?"

"ఓటుకి. సంతకం పెట్టినోళ్ళకే ఓటంట. ఏలు ముంచినోళ్ళని బయటికి తోలేస్తారంట."

"ఎవుడు సెప్పేడు?"

"పెద్దాఫీసరు మైకుల సెప్పేడు. నేను ముందు వరసల నిలబడి ఇన్నాను. ఎండన పడి వచ్చేనని నాకు మంచినీళ్ళు కూడా ఇచ్చేడు."

ఆ మంచినీళ్ళతో వచ్చింది చిక్కంతా. పాకంలో చిటికెడు సున్నం వేస్తే బెల్లం ఎలా గట్టిపడుతుందో, అబద్ధంలో అలాంటి చిన్న సంగతి ఒకటి వేస్తే అలా గట్టిపడుతుంది. మంగాయమ్మ ఆకొక్క నమలడం ఆపేసింది.

"అయితే నా ఓటు నా కొడుక్కి పడదా?"

"అది నాకేటి తెలుసు అత్తా, ఆఫీసరునడగాల."

చెంబు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. నేను ఆ సంగతి అప్పుడే మర్చిపోయాను. నోట్లోంచి బయటికి పోయిన కబురుతో నాకు పని లేదు, కొత్తది వండుకోవాలి కదా.

రెండు మూడు రోజులు పోయాక ఒక పొద్దున్న లేచేసరికి మా ఆవిడ దేముడమ్మ తల దువ్వుకుని, నూనె రాసుకుని, పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంటోంది.

"ఎక్కడికే?"

"బడికి."

"బడికేటే ఈ వయసుల?"

"ఓటు నేకుండా ఏటి బతుకయ్యా? మంగాయమ్మత్త ఎల్తంది, అందరూ ఎల్తన్నారు. సంతకం నేర్సుకోనొస్తాను. పొయ్యి మీద అన్నం ఉడుకుతంది, ఉడికేక వార్చుకో."

"వార్చడమంటే ఎలాగే?"

"పెద్దాఫీసరు సేతి మంచినీళ్ళు తాగినోడివి, గంజి వార్చలేవా?"

ఇది నేను వండిన కబురేనే పిచ్చిదానా అందామని నోరు తెరిచాను. కానీ అప్పటికే అది వడ్డాది సంతకి వెళ్ళి తిరిగొచ్చింది. వెళ్ళేటప్పుడు ఒట్టి ఓటే. వచ్చేటప్పుడు వేలిముద్ర వాళ్ళకి రేషను ఆపేస్తారనీ, పింఛను ఆపేస్తారనీ, ముద్ర వేసిన బొటనవేలికి వారం రోజులు దురద పెడుతుందనీ కలిపేసుకుని వచ్చింది. ఎంతగా పెరిగిపోయిందంటే నా కబురుని నేనే గుర్తుపట్టలేదు. కాసేపు నాకే భయం వేసి బొటనవేలు గీరుకున్నాను.

అన్నం వార్చబోయి సగం పొయ్యిలో పోసి, మిగిలినది తిని, బడి దగ్గరికి వెళ్ళాను. లోపలికి కాదు, కిటికీ దగ్గరికి.

ఏం చెప్పను! మనవల పలకలు పట్టుకుని ముసలమ్మలూ ముసలాళ్ళూ గది నిండా కింద కూచున్నారు. మేకల తాత మేకని కూడా తెచ్చాడు. ముందు వరసలో మంగాయమ్మ. కళ్ళు ఆనవు కాబట్టి ముందు కూచోక తప్పలేదు, కానీ టీచరుకేసి మాత్రం చూడటం లేదు. తలుపుకేసి చూస్తోంది. రాజ్యం టీచరు ఇస్త్రీ చీరలో, కళ్ళజోడు ముక్కు మీదకి జార్చుకుని, సుద్దముక్క పట్టుకుని నిలబడింది. ఆవిడ వయసు సగానికి సగం తగ్గిపోయిందంటే నేను పెంచి చెబుతున్నానని అనుకోకండి.

"మంగాయమ్మ!"

"ఎదురుగానే ఉన్నాను గదా."

"ఉన్నానని కాదే. ప్రెజెంట్ టీచర్ అనాలి."

"కంటికి కనిపిస్తన్నాను. మల్లీ సెప్పడవేటి?" అని తలుపుతో చెప్పింది మంగాయమ్మ.

"నోట్లో ఏటది?"

"ఆకొక్క."

"నా క్లాసులో నమలకూడదు. ఉమ్మేసి రా."

"నా కొడుకు కూడా నాకు అలగ సెప్పడు!"

"నీ కొడుక్కీ చెప్పేను. మూడో తరగతిలో. చింతపిక్కలు నమిలీవాడు."

గదంతా ఘొల్లుమంది. మంగాయమ్మ లేచి, గొణుక్కుంటూ, ఉమ్మేసి వచ్చింది. వెనక నుంచి మేక "మే" అంది. టీచరు దానికి కూడా హాజరు వేసిందని నేను ఊళ్ళో చెప్పాను. వెయ్యలేదు లెండి. కానీ వేద్దామా అన్నట్టు ఒకసారి చూసింది.

అక్కణ్ణుంచి ఊరు మారిపోయింది. బంగార్రాజు మైకు కట్టిన ఆటోలో వీధులన్నీ తిరిగితే ఇళ్ళలో పిల్లులు తప్ప ఎవరూ లేరు. ఓటర్లంతా బళ్ళో ఉన్నారు. బడి ముందు ఆటో ఆపి మైకులో మొదలుపెడితే రాజ్యం టీచరు గుమ్మంలోకి వచ్చి వేలు పెదవి మీద పెట్టుకుంది. మైకు దానంతటదే ఆగిపోయింది.

ఇంట్లో నా పని చెప్పనక్కర్లేదు. దేముడమ్మ పొయ్యి ముందు బొగ్గుతో నేల మీద పేరు రాస్తుంది, గోడ మీద రాస్తుంది, నేను పడుకుంటే నా వీపు మీద కూడా వేలితో రాస్తుంది. కూర ఉప్పగా ఉందంటే, "నాకు పరీచ్చలున్నాయి, నువ్వే వండుకో," అంటుంది. నేను గంజి వార్చడం నేర్చుకున్నాను. పప్పు నేర్చుకున్నాను. నా పప్పు వాసనకి మాత్రం ఏ బస్సూ దారి తప్పలేదు.

ఒక మధ్యాహ్నం రాజ్యం టీచరు ఒక్కతే నా గానుగ దగ్గరికి వచ్చింది. చోడవరం నుంచి దిగి నేరుగా వచ్చినట్టుంది, చేతిలో సంచి ఉంది. పీట వేస్తే కూచుంది.

"పరదేశీ, ఆ పెద్దాఫీసరు ఎలా ఉంటాడ్రా?"

"తెల్లగా, పొడుగ్గా ఉంటాడు టీచరమ్మా."

"మీసం?"

"ఉందండి. రెండు పక్కలా."

"నీకు మంచినీళ్ళు ఏటితో ఇచ్చేడు?"

"ఎండి గళాసుతో," అన్నాను. అని, నాలిక కరుచుకున్నాను.

ఆవిడ నవ్వింది. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేంత నవ్వింది. తర్వాత, "ఆఫీసులో కనుక్కునొచ్చేనురా. వేలిముద్ర ఎప్పట్లాగే చెల్లుతుంది," అంది.

నేను తెడ్డు పక్కన పెట్టి ఆవిడ దగ్గరికి వచ్చాను.

"టీచరమ్మా, దండం పెడతాను, ఇప్పుడు సెప్పీకండి. మనుషులుంటే బడిని ఎవుడూ ముట్టుకోలేడని మీరే గదా అన్నారు. ఇప్పుడు నిండుగా ఉన్నాది. ఎన్నికలయ్యే వరకూ ఇలగే నడిపీండి."

"నిండుగా ఉంది," అంది ఆవిడ. పెనంలోంచి లేస్తున్న ఆవిరికేసి చూసింది. "ఎన్నాళ్ళయిందిరా ఆ గదిలో పలకల చప్పుడు విని."

"మరింకేటి?"

"వాళ్ళు నన్ను నమ్మి వచ్చి కూచుంటున్నారురా. నాకు తెలిసేక కూడా చెప్పకపోతే ఎలాగ? రేపు నువ్వొచ్చి చెప్పు. నువ్వు వండినదే కదా, నువ్వే వడ్డించు."

"గుమ్మం దగ్గర నిలబడి సెప్తాను. లోపలికి మాత్రం రాను," అన్నాను.

"అలాగే చెప్పు."

మర్నాడు క్లాసు నిండా జనం. నేను గుమ్మం బయట నిలబడి, తువ్వాలు చేతుల్లో నలుపుకుంటూ, "ఇనండి. ఏలిముద్ర సెల్లుతాది. సెల్లదని ఎవులూ సెప్పలేదు. ఆఫీసరూ నేడు, గళాసూ నేదు. అది నేను ఊరికినే అన్నాను," అన్నాను. నా జన్మలో అన్ని నిజాలు ఒక్కసారి చెప్పడం అదే మొదలు. చెమటలు పట్టాయి.

అందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

"ఈడు సెల్లుతాదంటన్నాడంటే నిజంగానే సెల్లదన్నమాట!" అన్నాడు మేకల తాత.

"అమ్మో! నాకు ముందే తెలుసు," అంది ఒక ముసలమ్మ, పలక దగ్గరికి లాక్కుని.

"బంగార్రాజు కొట్ల ఏటో ఇప్పించీసుంటాడు, అందుకే మాట మార్చేడు," అంది ఇంకొకావిడ.

"ఏయ్, నా కొడుకునేటంటావే?" అని మంగాయమ్మ లేచింది.

నేను ఒట్టు పెట్టాను. నా పొయ్యి మీద ఒట్టు, దేముడమ్మ మీద ఒట్టు అన్నాను. "నా మీద పెట్టీకు, నాను రేపు పరీచ్చ రాయాల," అంది దేముడమ్మ. ఎంత నిజం చెబితే వాళ్ళకి అంత అనుమానం పెరిగింది.

చివరికి రాజ్యం టీచరు సుద్దముక్క బల్ల మీద పెట్టింది. "వాడు చెప్పింది నిజమే. నేనే వెళ్ళి కనుక్కున్నాను. వేలిముద్రతో ఓటు వెయ్యొచ్చు. రేషనుకీ, పింఛనుకీ దీనికీ సంబంధం లేదు. పనులున్నవాళ్ళు వెళ్ళొచ్చు," అంది.

అప్పుడు నమ్మారు.

మేకల తాత లేచాడు. "మేతకి ఏలయిపోతంది," అని మేకని తోలుకుని నా పక్కనుంచి బయటికి పోయాడు. వెనక వరసలో ఇద్దరు ముగ్గురు లేచారు. పలకలు సంచుల్లో పెట్టుకున్నారు. రాజ్యం టీచరు ఎవరి వైపూ చూడకుండా అటు తిరిగి బోర్డు తుడవడం మొదలుపెట్టింది.

అంతలో మంగాయమ్మ లేచింది. ఆవిడ లేస్తే ఇంక ఎవరుంటారు? అందరూ ఆవిడనే చూస్తున్నారు. నన్ను పక్కకి నెట్టి, గుమ్మం దాటి, వరండా దిగి, గోడ వారకి వెళ్ళింది. ఆకొక్క ఉమ్మేసింది. నోరు పుక్కిలించింది. తిరిగొచ్చి, మునుపు కూచున్న చోటే కూచుంది.

"ఏటి అందరూ నన్ను సూస్తన్నారు?" అంది. "మా రేవతి ఫోన్ల మెసేజీలెడతాది. పక్కింటి ఆడగుంట సదివి పెట్టాల నాకు. నా కూతురు నాకేటి రాసిందో నాకంటే ముందు ఊరందరికీ తెలిసిపోతంది. ఓటు దేవుడెరుగు. టీచరూ, నిన్న ఆపిన కాడ్నించి సెప్పు."

పందిట్లో గొడవ జరిగిన రోజు తర్వాత ఆవిడ టీచరుకేసి చూసి మాట్లాడటం అదే మొదటిసారి.

టీచరు వెంటనే ఇటు తిరగలేదు. బోర్డు అప్పటికే శుభ్రంగా ఉంది. ఇంకా తుడుస్తూనే ఉంది. లేచినవాళ్ళలో ఒకావిడ మెల్లిగా సంచిలోంచి పలక తీసి మళ్ళీ కూచుంది. మేకల తాత మాత్రం సాయంత్రం దాకా రాలేదు. వచ్చి, "పొద్దుట ఏటి సెప్పేరు?" అని అడిగాడు.

పోలింగు రోజున ఆ బళ్ళోనే పోలింగ్ బూత్ పెట్టారు. చోడవరం నుంచి వచ్చిన పోలింగు ఆయన ముసలమ్మని చూడగానే అలవాటుగా సిరా డబ్బా ముందుకి తోశాడు. మంగాయమ్మ దాన్ని వేలితో వెనక్కి తోసింది. "పెన్నియ్యి బాబూ," అంది. ఆయన ఇచ్చాడు. తర్వాత ఇంకో ముసలమ్మ వచ్చింది, డబ్బా తోశాడు, ఆవిడా వెనక్కి తోసింది. కాసేపటికి ఆయన డబ్బాకి మూత పెట్టి పక్కన పెట్టేశాడు. ఒక్కొక్కళ్ళూ ముగ్గు వేసినంత తీరిగ్గా సంతకం పెడుతుంటే లైను వెళ్ళి వెళ్ళి వడ్డాది సెంటర్లో తగిలింది. సరే, మా వీధి చివర దాకా వచ్చిందనుకోండి. దేముడమ్మ సంతకం గళ్ళో పట్టక కింద వాళ్ళ గళ్ళోకి కాలు చాపింది. నా వంతు వచ్చేసరికి ఆయన మళ్ళీ మూత తియ్యాల్సి వచ్చింది.

"మీ ఊళ్ళో ఇదొక్కటేనా?" అన్నాడు నా బొటనవేలు చూసి.

"ఆడొక్కడే బాబూ," అంది లైనులోంచి మా ఆవిడ, ఊరందరికీ వినపడేలా.

బంగార్రాజు గెలిచాడు. తల్లి ఓటు పడ్డాక గెలవకుండా ఎలా ఉంటాడు? దండలు వేశారు, బాణాసంచా కాల్చారు. ఊళ్ళో మాటంతా ఒకటే. గోడౌను ఎప్పుడు మొదలు?

రాజ్యం టీచరు బడి మానలేదు. పోలింగు బల్లలు తీసేసిన మర్నాడే గది కడిగించి క్లాసు పెట్టింది. ఓటైపోయింది కదా, ఇంక ఎవరొస్తారని నేను పొయ్యి దగ్గర నలుగురితో పందెం కట్టాను. ఓడిపోయాను. దేముడమ్మ ఇప్పుడు బస్సు బోర్డులు చదువుతోంది, బిస్కట్ల పొట్లాలు చదువుతోంది, బెల్లం చుట్టిన పాత పేపర్లు విప్పి చదువుతోంది. నేను చోడవరంలో మొసలి తిరుగుతోందంటే పేపరు తెచ్చి వేలు పెట్టి వెతికి, "ఇందుల నేదయ్యా," అంటుంది. మా ఇంట్లో నాకు బతుకు కష్టమైపోయింది.

వారం తిరక్కుండా బంగార్రాజు వచ్చాడు. నేను అప్పుడు బడి గుమ్మం దగ్గరే ఉన్నాను, బెల్లం కొట్టు తాళం చెవి దేముడమ్మ దగ్గరుండిపోతే అడగడానికి వెళ్ళాను. వాడి ఒంటి మీద ఖద్దరు చొక్కా, మెళ్ళో ఇంకా వాడని దండ, చేతిలో కొలిచే టేపు.

"టీచరు గారండీ, కొంచెం కొలత తీసుకుని పోతాను. ఎన్ని బస్తాలు పడతాయో..." అని లోపలికి అడుగు వేశాడు.

"చెప్పులు," అంది టీచరు బోర్డు మీద రాస్తూనే.

వెనక్కి అడుగు వేసి, చెప్పులు విడిచి, వచ్చాడు. క్లాసంతా వాడికేసి చూస్తోంది. వాడి ఓటర్లు, వాడి అత్తలు, పెదనాన్నలు, వాడి దండకి పూలు గుచ్చినవాళ్ళు.

"ఒరే బంగారీ," అంది మంగాయమ్మ. "బస్తాలేస్తావు సరే. నన్నెక్కడ పడీస్తావు? బస్తాల మీదా, కిందా?"

"అది కాదమ్మా. ఊరికి మాటిచ్చేను గదా."

"మాటిచ్చేవు కాబట్టి గోడౌను కట్టాల్సిందే," అంది టీచరు ఇటు తిరిగి. "ఊరికి అవసరం. మీ కల్లం పక్కన బోలెడు జాగా ఉంది, లారీ కూడా తిరుగుతుంది. ఈ గదిలో మనుషులున్నారు, చూసేవు కదా."

బంగార్రాజు చూశాడు. వెనక వరసలో దేముడమ్మ పలక ఎత్తి పట్టుకుంది, వాడికి కనిపించాలని. మేకల తాత మేకని దగ్గరికి లాక్కున్నాడు. వాడు టేపు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"టేపు ఎలాగూ తెచ్చేవు," అంది టీచరు. "ఆ గోడ కొలు. వీళ్ళకి ఈ బోర్డు ఆనటం లేదు. ఈ కొస నుంచి ఆ కొసకి పెద్ద బోర్డు కావాలి. పంచాయితీ నుంచి అది చేయించు ముందు."

వాడు తల్లికేసి చూశాడు. తల్లి పలక మీద రాసుకుంటోంది. "సరేనండి," అన్నాడు. చిన్నగా అన్నాడు. టేపు లాగాడు. "ఆ కొస ఎవులు పట్టుకుంటారు?"

"పరదేశీ, ఊరికే నిలబడ్డావు కదా. పట్టుకో."

నేను చెప్పులు విడిచి, నడిచి వెళ్ళి, టేపు కొస తీసుకుని గోడ చివర దాకా పోయి అదిమి పట్టుకున్నాను. బంగార్రాజు కొలత చూసుకుని "ఒగ్గీ" అన్నాడు. వదిలేశాను. టేపు సర్రున పాములా వెనక్కి పోయింది. అప్పుడు చూసుకున్నాను, గోడకి ఆ చివర నేనున్నాను, గుమ్మం ఈ చివర ఉంది, మధ్యలో ఊరంతా కాళ్ళు చాపుకుని కూచుంది. దేముడమ్మ కొంచెం జరిగి పక్కన చోటు చేసింది.

"కూచో," అంది రాజ్యం టీచరు.

"పెనంలో పాకం ఉంది టీచరమ్మా, మాడిపోతాది," అన్నాను.

అది అక్షరాలా నిజం. లోపలున్న వాళ్ళలో ఒక్కరంటే ఒక్కరు నమ్మలేదు.